ఓడ దిగని ఐసు

బ్రిడ్జ్‌టౌన్ పట్టణం ఇకపై చల్లదనం కోసం ఐసు తెచ్చే అమెరికా ఓడల ముందు చెయ్యి చాచదని కౌన్సిలరు పిండర్ దొరగారు రేవులో బల్లెక్కి ప్రకటించారు. రేవు ఆఫీసు గుమాస్తాను కాబట్టి ముందు వరసలో నిలబడే భాగ్యం నాకు దక్కింది. చక్కెర మిల్లు మెకానిక్కు కత్బర్ట్ ఆవిరి యంత్రం పెట్టి తన షెడ్డులో తయారుచేసిన తొలి ఐసు దిమ్మ దొరగారి పక్కనే ఉంది. ఉపన్యాసం రెండు గంటలు సాగింది. చివరికి మిగిలిన తడికి అందరం చప్పట్లు కొట్టాం.

ఆ ఆగస్టులో విషజ్వరాలు ముంచుకొచ్చాయి. ఆసుపత్రి నర్సు లియొనోరా బకెట్టు పట్టుకుని షెడ్డుకు వచ్చింది. కత్బర్ట్ ఐసు కొట్టబోతుంటే దొరగారు స్వయంగా వచ్చి ఆపారు. ఊళ్లో ఐసు ఇచ్చే, అమ్మే హక్కు ఇరవై ఏళ్లకు ఒక దిగుమతి కంపెనీకి కౌన్సిలు రాసిచ్చిందట. ఆ కాంట్రాక్టు ప్రకారం ఐసంటే ఓడ దిగినదేనట. ఆ కంపెనీ దొరగారి అల్లుడిది కావడం కేవలం ఆయన దురదృష్టం.

"మరిదేంటి దొరా?" అన్నాడు కత్బర్ట్.

"చట్టం దృష్టిలో గడ్డకట్టిన నీళ్లు."

"అయితే ఆ గడ్డకట్టిన నీళ్లే ఇప్పించండి," అంది లియొనోరా. "నా వార్డులో ముప్ఫై మంది కాలిపోతున్నారు. వాళ్లు పేరడగరు."

"పేరులేని పదార్థం రోగులకిస్తే రూల్సు ఒప్పుకోవమ్మాయ్."

అయినా దొరగారిది వెన్నలాంటి మనసు. అక్కడికక్కడే మార్గం కనిపెట్టారు. దిమ్మల్ని పడవకెక్కించి, దీపస్తంభం దాటించి, తిప్పి తెచ్చి, సుంకం కట్టి దింపితే అది ఐసే. మర్నాటి నుంచి మిట్టమధ్యాహ్నపు ఎండలో అదే జరిగింది. రిజిస్టరులో ఏ దేశపు సరుకని రాయాలో నేనడిగితే 'సముద్రం' అని రాయమన్నారు. రాశాను. పది దిమ్మలు వెళ్తే నాలుగు తిరిగొచ్చేవి. మూడు గవర్నరుగారి విందుకు, ఒకటి కౌన్సిలు సమావేశానికి. విదేశీ సరుకు రుచే వేరని గవర్నరుగారు మెచ్చుకున్నారు. ఆసుపత్రికి దిమ్మల మీద కప్పిన తడి రంపపు పొట్టు పంపేవాళ్లం. లియొనోరా దాన్ని గుడ్డలో మూటగట్టి రోగుల నుదుటి మీద పెట్టేది. రెండు వారాల్లో వార్డు బాగా విశాలమైంది.

తర్వాత జ్వరానికి హోదా తెలియక పిండర్ దొరగారినీ పట్టుకుంది. మూడోనాటికి ఆయన మనుషుల్ని గుర్తుపట్టడం మానేశారు. దొరసాని కబురుపెడితే లియొనోరా వెంటనే బయల్దేరింది. దారిలో కత్బర్ట్‌ని పిలుచుకుంది. ఇద్దరూ నాలుగు దిమ్మలు బండికెత్తి, పట్టపగలు మా ఆఫీసు ముందు నుంచే తీసుకెళ్లారు. నేను తల వంచుకుని కలం బాగుచేసుకున్నాను.

అది ఓడలోదేనా అని దొరసాని అడిగిందట.

"కాదమ్మగారూ, షెడ్డులోది. వద్దంటే తీసుకుపోతాం," అంది లియొనోరా.

దొరసాని లేచి కిటికీ తెరలు మూసింది. "పెట్టు," అంది.

ఎనిమిదో రోజుకు దొరగారు లేచి కూర్చున్నారు. కౌన్సిలులో గద్గద స్వరంతో రెండు తీర్మానాలు పెట్టారు. సుంకం కట్టని నీళ్లను వీధిలో తోలినందుకు కత్బర్ట్ షెడ్డుకు తాళం. తన ప్రాణం నిలబెట్టిన ఐసు తెచ్చిన కెప్టెనుకు బంగారు గడియారం. రెండూ ఏకగ్రీవం.

గడియారం మీద చెక్కించాలి, కెప్టెను పేరు చూసి చెప్పమని నన్నడిగారు. రిజిస్టరంతా తిరగేశాను. ఆ నెల మా రేవులోకి ఐసుతో ఏ ఓడా రాలేదు.