నలుగురు అనుమానితులు, ఒక తిరగని ఫ్యాన్

"నేరం చేసి నా కంట పడకుండా తప్పించుకున్నవాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదక్కా! పుట్టబోయేవాడి అడ్రసు కూడా నా దగ్గరుంది!"

మా తమ్ముడు కారు బానెట్ మీద చెయ్యి వేసి మరీ ఈ మాట అన్నాడు. ఎండకి బానెట్ కాలిపోతోంది. చెయ్యి చటుక్కున లాక్కుని, "వేడి! మొదటి ఆధారం!" అన్నాడు.

చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. అదేమిట్రా అంటే మారువేషం అన్నాడు. లైబ్రరీలో పుస్తకాలు సర్దే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. సర్దింది తక్కువ, చదివింది ఎక్కువ. చదివినవన్నీ డిటెక్టివ్ నవలలే. అప్పట్నుంచీ మా ఇంట్లో చెంచా కనపడకపోతే అది మతిమరుపు కాదు, అంతర్జాతీయ కుట్ర.

ఈసారి కేసు మా కారుది. మా ఆయన కొన్నది. ఆయన పోయాక నేను నేర్చుకుని నడుపుతున్నాను. కూరల మార్కెట్‌కైనా, కళ్ళ డాక్టరు దగ్గరికైనా ఎవర్నీ బతిమాలే పని లేకుండా వెళ్ళొస్తున్నాను. రోడ్డు ఖాళీగా ఉంటే బాగానే పోతుంది. సిగ్నల్ దగ్గర ఆగిందా, వేడి చూపించే ముల్లు ఎర్ర గీత వైపు పాకుతుంది. ఇంజన్ని చల్లబరిచే ఫ్యాన్ తిరగడం లేదు. మెకానిక్ దానికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటిచ్చి తిప్పి చూపించాడు. "ఫ్యాన్ మంచిదేనమ్మా. దానికి కరెంటే అందట్లేదు. ఎక్కడ ఆగిందో ఊర్నుంచి వచ్చాక చూస్తా" అని వెళ్ళిపోయాడు.

మా అమ్మాయి అంతవరకూ ఆగనంది.

"నిన్న ఫ్లైఓవర్ మీద పొగలు కక్కుతూ ఆగిపోయావు. వెనకాల లారీ ఉందమ్మా! ఫోన్ మోగితే చాలు, నా గుండె జారిపోతోంది."

అని ఊరుకోలేదు. పాత బళ్ళు కొని, విప్పి అమ్ముకునే ఆయన్ని పిలిపించేసింది. ఆయన కారుని లాక్కుపోయే బండి తెచ్చి, తాడు చేత్తో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దామే. ముల్లు ఎర్ర గీత తాకిందంటే నా చేత్తో నేనే తాళాలిచ్చేస్తాను" అన్నాను.

"మాట మీద ఉండాలి మరి" అంది.

సరిగ్గా అప్పుడే ఊడిపడ్డాడు మా తమ్ముడు. వచ్చీ రాగానే బానెట్ మీద చెయ్యేసి ఆ గొప్పలు పోయి, పాత బళ్ళాయన్ని పట్టుకున్నాడు.

"నిన్న సాయంత్రం ఎక్కడున్నావ్?"

"ఇంట్లో సార్. బట్టలు ఆరేస్తున్నా."

"ఎవరి బట్టలు?"

"మా ఆవిడవి."

"అయితే ఆ సమయంలో మీ ఆవిడ ఒంటి మీద..."

"ఒరేయ్!" అన్నాను.

"దర్యాప్తులో సిగ్గు పడకూడదక్కా. సరే, చెప్పు. ఈ కారు చస్తే లాభం ఎవరికి? నీకు! ఫ్యాన్ పాడు చేసింది నువ్వే!"

"నాకు విప్పడమే వచ్చు సార్. బిగించడం రాదు."

"పాడు చెయ్యడానికి విప్పడం చాలుగా!"

ఆయన తాడు కొసతో తల గోక్కున్నాడు. "అది నిజమే" అని ఒప్పుకున్నాడు.

"మామయ్యా, ఆయనకి అవతల పనుంది" అంది మా అమ్మాయి.

"నేరస్థులకి ఎప్పుడూ తొందరే!" అంటూ వాడు బానెట్ ఎత్తి, బ్యాటరీ పక్కనున్న నల్ల డబ్బా మూత తీశాడు. లోపల వరసగా నాలుగు రిలేలున్నాయి. ఫ్యాన్‌కి, లైట్లకి, ఏసీకి, హారన్‌కి కరెంటు పంపే స్విచ్చులవి. నాలుగూ ఒక్కలాగే అగ్గిపెట్టెంత ఉంటాయి. ఏది ఎక్కడుండాలో మూత మీద బొమ్మలేసి ఉంది.

"ఆహా! ముఠా దొరికింది! గుర్తింపు పరేడ్ పెడతాను. అక్కా, ఏదన్నా పళ్ళెం!"

వంటింట్లో చేతికందిన గుడ్ల అట్ట తెచ్చిచ్చాను. నాలుగింటినీ ఊడబీకి, వరస తప్పకుండా గుడ్ల గుంటల్లో కూర్చోబెట్టాడు. తర్వాత అట్టని గిర్రున తిప్పి పాత బళ్ళాయన ముఖం ముందు పెట్టాడు.

"వీళ్ళలో నీ మనిషెవడు?"

"అందరూ ఒకేలా ఉన్నారు సార్."

"కవలలు! నలుగురు కవలలు! ఎంత పకడ్బందీ పథకం!" అని, ఆ తిప్పిన అట్ట మీంచే ఎడమ నుంచి కుడికి ఒక్కోటి తీసి డబ్బాలో గుచ్చేశాడు.

"బొమ్మలు చూసి పెట్టు మామయ్యా."

"బొమ్మలు శత్రువు వేసిన ఎర! నా జ్ఞాపకశక్తి ముందు బొమ్మలెందుకు?" డబ్బా మూసి, గొంతు సవరించుకున్నాడు. "కేసు తేలిపోయింది. ఇందులో కుట్ర లేదు. ఫ్యాన్ తనంతట తాను సమ్మె చేస్తోంది. అక్కా, ఈ కారుకి వీడ్కోలు పలుకు!"

నేను కార్లో ఎక్కి కూర్చుని స్టార్ట్ చేశాను. మా అమ్మాయి కిటికీలోంచి ముల్లు వైపే చూస్తోంది. ముల్లు సగం దాటింది. ఇంకా ఎక్కింది. పాత బళ్ళాయన తాడు కొస విప్పి కారు ముందుకొచ్చాడు. నేను తాళం మీద చెయ్యి వేశాను. ఎర్ర గీతకి వెంట్రుకవాసి దూరంలో ఉండగా, ముందు వైపు నుంచి బుర్రుమంటూ ఒక్కసారిగా చప్పుడు!

బానెట్ కింద తల పెట్టి చూస్తున్న మా తమ్ముడు కెవ్వుమని వెనక్కి పడ్డాడు. "కాల్పులు! అందరూ పడుకోండి!"

పాత బళ్ళాయన నిజంగానే పడుకున్నాడు.

కాల్పులూ లేవు, ఏమీ లేవు. ఫ్యాన్ తిరుగుతోంది. ముల్లు మెల్లగా దిగి మధ్యలో నిలబడింది. ఎంతసేపు చూసినా అక్కణ్ణుంచి కదల్లేదు. మా అమ్మాయి నా వైపు చూసి, నవ్వాపుకోలేక ముఖం తిప్పుకుంది.

"నా చూపు పడగానే వణికిపోయి తిరిగేసింది!" అని దుమ్ము దులుపుకుంటూ లేచాడు మా తమ్ముడు. "విజయభేరి మోగించక్కా!"

హారన్ నొక్కాను. మోగలేదు. మళ్ళీ నొక్కాను. ఊహూఁ.

"రెండో హత్య!" అన్నాడు వాడు.

మా అమ్మాయి డబ్బా తెరిచి, మూత మీద బొమ్మలూ లోపలి వరసా పోల్చి చూసింది. "నువ్వు అట్ట తిప్పేసరికి వరస తారుమారైంది మామయ్యా. పాడైన రిలే హారన్ దగ్గరికి పోయింది. హారన్‌ది వచ్చి ఫ్యాన్ని తిప్పుతోంది. కొత్త రిలే ఒక్కటి కొంటే సరిపోతుంది."

"నా పథకం కూడా అదే!"

మా అమ్మాయి పాత బళ్ళాయనకి దణ్ణం పెట్టి పంపించేసింది. తర్వాత వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. "నువ్వే పోనీ అమ్మా" అంది.

ఎలక్ట్రికల్ షాపు సంతకి అవతల ఉంది. హారన్ లేకుండా ఆ రద్దీలో పోవడమెలా? దారంతా మా తమ్ముడు కిటికీలోంచి తల బయటపెట్టి, "జరగండి! జరగండి! డిటెక్టివ్ వస్తున్నాడు!" అని అరుస్తూనే ఉన్నాడు. జనం నవ్వుతూనే దారిచ్చారు.

"ఏం జరిగిందమ్మా?" అన్నాడు షాపతను.

మా తమ్ముడు నోరు తెరిచాడు. దారంతా అరిచి అరిచి గొంతు పోయింది, మాట రాలేదు. కేసంతా నేనే చెప్పాను, హాయిగా, మొదట్నుంచీ.