హైడ్రోజన్ బస్సులో ఇంగువ వాసన

మా కంపెనీ బస్సుకు బిగించిన హైడ్రోజన్ పెట్టెలో నిన్న మజ్జిగ దొరికింది.

కంగారు పడకండి. హైడ్రోజన్ మీద నా భక్తి చెక్కుచెదరలేదు.

డీజిల్ ఇంజిన్ పక్కన ఓ పెట్టె పెడతారు. అందులో నీళ్ళు పోస్తే, కరెంటు వాటిని విడగొట్టి హైడ్రోజన్ తీస్తుంది. అది ఇంజిన్‌లోకి వెళ్ళి డీజిల్‌కు తోడవుతుంది. ఖర్చు తగ్గుతుంది, పొగ తగ్గుతుంది. మా ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ రామకృష్ణారావు గారు ఇంకో అడుగు ముందుకేసి, పెట్టెకు కరెంటు చాలదని ఏసీ పీకించేశారు. ఖతర్‌లో, జూలైలో!

ఎంత మేలు జరిగిందో చూడండి. ఇండస్ట్రియల్ ఏరియాలోని మా క్యాంప్ నుంచి మదీనత్ అల్ షమాల్ సైటుకు చేరేసరికి ఒంట్లో ఉప్పంతా చొక్కా మీదికి వచ్చేస్తుంది. కొవ్వు, నిద్ర, ఊరి మీద బెంగ, అన్నీ ఆవిరి! ఇదే ఆవిరి కోసం దోహా హోటళ్ళలో దొరలు తువ్వాలు కట్టుకుని కూర్చోవడం లేదూ? టిఫిన్ బాక్సులో పచ్చిగుడ్డు పెట్టుకుంటే దిగేసరికి ఉడికి ఉంటుంది. దిగగానే డ్రైవర్ ఓబులయ్య తలా గ్లాసు మజ్జిగ ఇస్తాడు. ఎక్కడిదని అడిగే ఓపిక ఎవరికుంది?

కృతజ్ఞత లేనివాళ్ళూ ఉంటారు. తాపీమేస్త్రి లస్మయ్య మేనేజర్ ముఖం మీదే అన్నాడు: “గీ పెట్టె పెట్టినకాడికెల్లి బస్సు నీళ్లు తాగవట్టె, మేం చెమట తాగవడితిమి సార్.”

మేనేజర్ చలించలేదు. డీజిల్ నిజంగానే మిగులుతోంది మరి. పెట్టె అద్దంలోంచి తెల్లని నురగ చూపించి, “స్వచ్ఛమైన హైడ్రోజన్” అంటూ హెడ్డాఫీసు వాళ్ళతో ఫొటోలు దిగారు. మిగతా బస్సుల ఏసీలు కూడా పీకేయాలని ఆర్డరు తెచ్చుకున్నారు.

నిన్న మేనేజర్ పెట్టె మూత తీయించారు. గుప్పున ఇంగువ, కరివేపాకు!

“లస్మయ్యా, ఇది నీ పనే. సామాను సర్దుకో. ఊరికి పంపించేస్తా,” అన్నారు మేనేజర్.

లస్మయ్య నోరు విప్పేలోగా ఓబులయ్య బస్సు దిగి వచ్చాడు.

“ఆయప్పను ఏమనొద్దు సార్. ఈడ దొరికే లబన్ పెరుగు కొని, మజ్జిగ కలిపి పోసింది నేను. పెట్టె పెట్టినోడు ఇంజినుకు పైపు బిగించకుండానే పాయ. మీకు చెబుదామని వస్తే ఫొటోలు దిగుతాంటిరి. డీజిల్ మిగిలింది ఏసీ లేనందుకు సార్, హైడ్రోజన్‌కు కాదు. ఆ వేడికి మనుషులు సీట్లలోనే సొమ్మసిల్లి పడతాంటే, పెట్టెను ఖాళీగా ఎందుకు ఉంచాలిలే అనుకున్నా. మిగతా బస్సుల ఏసీలు కూడా పీకిస్తారంట గదా? అల్లం, పచ్చిమిరపకాయలు ఎక్కువ తెప్పించండి సార్. అన్నిటికీ హైడ్రోజన్ నేనే కలుపుతా.”