బంతికి పట్టిన గ్రహణం

ఆ ఉదయం చిట్టిబాబు చెయ్యవలసిన పనులు ఇవి. గ్రౌండులో సున్నంతో గీతలు వెయ్యాలి. నెట్టు చిరిగినచోట పురికొస కట్టాలి. ఆఫీసరుగారికి చేతుల కుర్చీ ఒకటి ఎవరింట్లోనైనా అడిగి తేవాలి. ఈల వెతకాలి. బంతికి పంపుతో గాలి కొట్టాలి. గెడ్డం గీసుకోవాలి. ప్రసంగం ఇంకొక్కసారి చదువుకోవాలి. ఈ చివరి పనికింద మాత్రం రెండు గీతలు గీశాడు.

అది తొంభై అయిదో సంవత్సరం, దీపావళి మర్నాడు. ఏడున్నరకు సూర్యగ్రహణం పట్టు, పదికి విడుపు. పదిన్నరకు గురునాథరావుగారు వస్తారు. ఆయన భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ క్వార్టర్ల స్థలాలు చూసే ఆఫీసరు. వీధి చివర ఉన్న వాలీబాల్ గ్రౌండును సైకిల్ స్టాండు చెయ్యాలని ఆయన బల్లమీద ఒక ఫైలు కూర్చుని ఉంది. "ఆడేవాళ్ళుంటే ఉంచుతాను. నా కళ్ళతో చూడాలి," అన్నాడాయన. అంచేత పక్కనున్న సుపేలా బజారు జట్టుతో ఫైనల్ మ్యాచ్ ఆ రోజే పెట్టారు.

గ్రౌండు పోతే చిట్టిబాబుకు పోయేది ఆట ఒక్కటే కాదు. ముప్పై ఏళ్ళ కిందట వాళ్ళ నాన్న నూకరాజు, బ్లాస్ట్ ఫర్నేస్‌లో డ్యూటీ దిగి, ఆ చేతులతోనే మళ్ళీ పలుగు పట్టుకుని గుంతలు పూడ్చి చదును చేసిన నేల అది. నూకరాజు దానిగురించి ఎప్పుడూ మాట్లాడడు. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ వెళ్ళి ఒకసారి చుట్టూ తిరిగి వస్తాడు, అంతే.

ఇంట్లో బీయే చదివిన మొదటివాడు చిట్టిబాబు. చదివింది చరిత్ర. చదువుకు తగ్గ ఉపయోగం ఏదో ఒకటి వీధికి చెయ్యాలన్న తపన ఉన్నవాడు. లైబ్రరీలో అట్ట ఊడిన పుస్తకం ఒకటి దొరికితే పదిహేను రోజులు కూర్చుని ప్రసంగం రాశాడు. ముందురోజు సాయంత్రం దాన్ని తల్లి పోలమ్మకు చదివి వినిపించాడు.

"ఆదిమానవుడు ఆకాశంలో సూర్యుణ్ణి చూశాడు. చూసి బంతిని చేసుకున్నాడు. నెట్టు అంటే ఆకాశపు అంచు. ఇటు దేవతలు, అటు రాక్షసులు. సూర్యుడికోసం వాళ్ళు చేసిన యుద్ధమే ఈనాటి ఆట. బంతి నేలను తాకడమంటే అస్తమయం. బొంగరం తిరగడంలో ఆకాశం తిరుగుతోంది. ఉయ్యాల ఊగడంలో ఉత్తరాయణ దక్షిణాయనాలు ఊగుతున్నాయి. పూజ పాతబడితే ఆట అవుతుంది."

పోలమ్మ చేతిలో ప్రమిద అలాగే ఉండిపోయింది. "అయితే మన బంతి సూరీడేటిరా?"

"సూర్యుడే అమ్మా."

"నువ్వు సొంతంగా అన్నావా, పుస్తకంలో ఉందా?"

"పుస్తకంలోనే ఉంది."

పోలమ్మకు అక్షరం ముక్క రాదు. అందుకే పుస్తకంలో ఉన్నదంటే ఆవిడకు ఇక తిరుగులేదు. కొడుకు ఇన్నేళ్ళు చదివి ఇవాళ్టికి తనకు అర్థమయ్యే మాట ఒకటి చెప్పాడని పొంగిపోయి, దీపాలు పెట్టే నెపంతో వీధిలో పద్నాలుగు గుమ్మాలూ ఎక్కి దిగింది. తల్లికి కొడుకును చూసుకుని గర్వమనుకున్నాడు చిట్టిబాబు. అక్కడితో వదిలేశాడు.

తెల్లారాక మంచం కింద చెయ్యి పెట్టాడు. బంతి లేదు. మంచం ఎత్తి చూశాడు. లేదు. బీరువా మీద, సైకిల్ వెనక, నీళ్ళ డ్రమ్ము చాటున, ఎక్కడా లేదు. అప్పటికి గ్రహణం పట్టి పది నిమిషాలైంది. వాకిట్లో ఎండ పాతగుడ్డలా వెలిసిపోతోంది.

పోలమ్మ తూర్పు ముఖంగా పీటమీద కూర్చుని జపం చేసుకుంటోంది. పట్టునుంచి విడుపుదాకా ఆవిడ నోరు విప్పదు. ఆ నియమం పెళ్ళికి ముందునుంచీ ఉంది.

"అమ్మా, బంతి చూశావేటి?"

పోలమ్మ కళ్ళు తెరిచి, చూపుడువేలు ఎత్తి ఆకాశం చూపించింది.

'పైవాడికే తెలియాలి' అంటోందనుకున్నాడు చిట్టిబాబు. గాబరాగా వెనక్కి తిరగడంలో కాలు రోకలికి తగిలింది.

ఆ రోకలి సంగతి చెప్పాలి. గ్రహణం పట్టగానే ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెడితే అది తనంతట తనే నిలుస్తుందనీ, విడుపు కాగానే పడిపోతుందనీ పోలమ్మ పుట్టింటివైపు నమ్మకం. వీధిలో మిగతావాళ్ళకు మిక్సీలున్నాయి. శ్రీకాకుళం నుంచి రైల్లో ఒళ్ళో పెట్టుకు తెచ్చుకున్న రోకలి ఒక్క పోలమ్మకే ఉంది. అందుచేత ఆ వీధికి గ్రహణం పోలమ్మ వాకిట్లోనే పట్టేది, పోలమ్మ వాకిట్లోనే విడిచేది. రోకలి పడిన చప్పుడు వింటే పక్కింటావిడ కేక వేసేది, ఆ కేక వీధి చివరిదాకా పాకేది.

పడబోయిన రోకలిని పోలమ్మ పీటమీదనుంచి ఒక్క ఉరుకున వచ్చి పట్టుకుంది. నోరు తెరవకుండానే కొడుకును తిట్టవలసినవన్నీ కళ్ళతో తిట్టింది. మళ్ళీ అది కదలకుండా తులసి కుండీలోంచి రెండు పిడికిళ్ళ మట్టి తీసి, మొదట్లో కూరి, మడమతో గట్టిగా నొక్కి వెళ్ళి జపంలో కూర్చుంది.

చిట్టిబాబు వీధిలో పడ్డాడు. పక్కింటి సీతాలక్ష్మి కొడుకులిద్దరికీ బంతులున్నాయి. మూసిన కిటికీ తలుపు తట్టాడు.

"పిన్నీ! నేనే, చిట్టిబాబుని. పిల్లల బంతి ఒక్కసారి ఇస్తావా?"

లోపల గిన్నె కిందపడిన చప్పుడైంది. "బంతా? ఈ పూటా?"

"ఈ పూటే కావాలి."

"ఓలమ్మో! సదువుకున్నోడివి, నువ్వే అడుగుతున్నావేటిరా? నోరెలా వొచ్చింది నాయినా నీకు?"

"బంతి అడిగితే ఏమైంది పిన్నీ?"

"ఎల్లెల్లు, ముందు ఇంట్లోకెల్లు! ఇక్కడ కడుపుతో ఉన్న పిల్లుంది!"

రెండో ఇంట్లో తలుపే తియ్యలేదు. మూడో ఇంట్లో, "మా ఇంట్లో గుండ్రంగా ఉన్నదేదీ బయటికి రాదు" అన్నారు. నాలుగో ఇంట్లో ఆరేళ్ళ పిల్ల అమ్ము తలుపు సందులోంచి చూసి, "భయ్యా, మా రబ్బరు బంతి గంప కింద ఉంది, దానికి బుఖార్ వచ్చింది, ఒళ్ళు కాలుతోంది" అని చెప్పి ఏడుపు మొదలుపెట్టింది. ఎవరో దాన్ని లోపలికి లాగేశారు.

సుపేలా వెళ్ళి కొత్త బంతి కొందామని సైకిలెక్కాడు. ఎప్పుడూ ఆటోల రొదతో చెవులు చిల్లులు పడే ఆ రోడ్డుమీద ఆవు ఒక్కటి తీరిగ్గా నడుస్తోంది. ఒక్క షట్టరు తెరిచిలేదు. ఆ నిశ్శబ్దంలో చిట్టిబాబుకు తన సైకిల్ గొలుసు చప్పుడే భయం పుట్టించింది.

అప్పుడు తట్టింది. నిన్న సాయంత్రం మిఠాయి ఇచ్చే నెపంతో ఇంటికొచ్చి మంచంమీద కూర్చున్నది సుపేలా జట్టు కెప్టెన్ శ్యామసుందర్ కాదూ? వీధిలో ఆడవాళ్ళకు లేనిపోనివి చెప్పి బంతులన్నీ దాయించినవాడు కూడా అతనే అయి ఉండాలి. మ్యాచ్ జరక్కపోతే కప్పు వాళ్ళకే పోతుంది. చరిత్ర చదివినవాడు కాబట్టి కుట్ర కనిపెట్టడం కష్టం కాలేదు. తిన్నగా శ్యామసుందర్ గుమ్మంలోకి వెళ్ళి, మంచం కిందనుంచి బంతి ఎలా తీశావని అడిగాడు.

శ్యామసుందర్ ఆరడుగుల మనిషి. అతను స్మాష్ కొడితే అవతలివాళ్ళు బంతికోసం కాక ప్రాణంకోసం చూసుకుంటారు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నన్ను చోర్ అన్నావా భయ్యా? దీపావళికి లడ్డూలు పట్టుకొచ్చినోణ్ణి?"

"బంతి ఏదీ మరి?"

"నాకేటి తెలుసు! చలో, గ్రౌండుకి. అందరిముందూ అను ఈ మాట."

పదిన్నరకు గురునాథరావుగారు స్కూటర్ దిగేసరికి గ్రౌండులో రెండు జట్లూ ఒకరి చొక్కాలొకరు పట్టుకుని ఉన్నాయి. ఆయన చేతిలో పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క ఉంది. పొద్దుట మేడమీదనుంచి దానిలోంచే గ్రహణం చూశాడు. మూఢనమ్మకాలంటే ఆయనకు ఒంటికి పడదు.

"గ్రహణం విడిచి అరగంటైంది. మీ వీధిలో ఒక్క తలుపూ తియ్యలేదేమిటయ్యా?" అని ఆశ్చర్యపోయాడు. తరువాత అసలు ప్రశ్న వేశాడు. "బంతేదీ?"

"వస్తోందండి," అన్నాడు చిట్టిబాబు. ఎక్కడినుంచో అతనికే తెలియదు.

"బంతి లేని ఫైనలా? సరిగ్గా పదకొండుకి సంతకం పెట్టేస్తాను. సైకిళ్ళైనా ఎండలో మాడకుండా ఉంటాయి."

ఇక మిగిలింది ప్రసంగం. చిట్టిబాబు కాగితాలు తీసి చదవడం మొదలుపెట్టాడు. ఆదిమానవుడి దగ్గర ఆఫీసరుగారు గడియారం చూసుకున్నాడు. బొంగరం దగ్గర ఆవలించాడు. ఉయ్యాల దగ్గరకు వచ్చేసరికి పెన్ను మూత తీశాడు.

అదే సమయానికి నూకరాజు నైట్ షిఫ్టునుంచి ఇల్లు చేరాడని తర్వాత తెలిసింది. గ్రహణమని పొద్దుటి షిఫ్టు మనిషి గడప దాటలేదు. నాలుగున్నర గంటలు ఎక్కువ పనిచేసి, నిద్ర కళ్ళతో సైకిల్ తెచ్చి గోడకు ఆనించబోయాడు. హ్యాండిల్ వెళ్ళి రోకలికి కొట్టుకుంది. అది మట్టితోసహా పెళ్ళగిలి ఇత్తడి పళ్ళెం అంచుమీద పడింది.

ఖంగుమంది. గ్రౌండుదాకా వినిపించింది.

"విడిచింది!" అని ఒక కేక. ఆ వెనక పద్నాలుగు గొంతులు, పద్నాలుగు బకెట్లు, కంచాలమీద గరిటెల మోత. ఆఫీసరుగారి చేతిలో పెన్ను ఆగిపోయింది. తలమీదనుంచి నీళ్ళు కారుతూ, తడి చీరలతో వీధిలో ఆడవాళ్ళందరూ గ్రౌండులోకి వచ్చారు. ముందు పోలమ్మ. ఆవిడ చేతుల్లో పళ్ళెం, పళ్ళెంలో వాలీబాలు. దానికి స్నానం చేయించి, పసుపు రాసి, మధ్యలో రూపాయి కాసంత కుంకుమ బొట్టు పెట్టారు. వెనక సీతాలక్ష్మి పళ్ళెంలో రెండు క్రికెట్ బంతులు. ఆ వెనక టెన్నిసు బంతి, ఫుట్‌బాలు, అమ్ము రెండు చేతులతో పట్టుకున్న రబ్బరు బంతి. అన్నిటిమీదా గరికపోచ.

చిట్టిబాబు చేతిలో కాగితాలవంకా పళ్ళెంలో బంతివంకా మార్చి మార్చి చూశాడు.

పోలమ్మ మూడుగంటల మౌనం విడిచింది. "ఏటలా సూత్తావు? గ్రహణం పట్టిన సూరీణ్ణి పట్టుకుని కొట్టుకుంటే కళ్ళు పోవూ? గంప కింద పెట్టి గరిక వేసినాను. నువ్వడిగితే పైకి సూపించినాను కదేటి!"

"నేను... అది పుస్తకంలో..."

"అదే మరి. పుస్తకంలో ఉందన్నావు కదా. నువ్వు సెప్పినాకే కదా వీధి వీధంతా నమ్మింది!"

శ్యామసుందర్ నెమ్మదిగా చిట్టిబాబువైపు తిరిగాడు. చిట్టిబాబు తలవంచి, "తప్పైపోయింది భయ్యా," అన్నాడు. అందరిముందూ అన్నాడు.

"మాఫ్," అన్నాడు శ్యామసుందర్. "ఇప్పుడీ బంతిని నేనెలా కొట్టేది? బొట్టుందిగా!"

పోలమ్మే తేల్చింది. "నేల తగిల్తే అస్తమయమని రాసినాడు మావోడు. అయితే తగలనియ్యకండి. గట్టిగా కొట్టకండి. ఆడండి."

ఆట మొదలైంది. తడిసి బరువెక్కిన బంతి పసుపునీళ్ళు చిమ్ముకుంటూ లేచింది. శ్యామసుందర్ అలవాటుకొద్దీ గాల్లోకి ఎగిరి చెయ్యి ఎత్తాడు. "ఒరే!" అన్న పోలమ్మ కేకకు ఆ చెయ్యి అక్కడికక్కడే మెత్తబడి, బంతిని పసిపిల్లను అందించినట్టు అవతలికి అందించింది. అవతలివాళ్ళు అంత భద్రంగానూ తిప్పి ఇచ్చారు. బంతి కిందికి దిగినప్పుడల్లా ఆడవాళ్ళు గుండెమీద చెయ్యి వేసుకున్నారు. ఇరవై నిమిషాలు గడిచినా ఎవరికీ ఒక్క పాయింటు రాలేదు. రావాలని ఎవరూ కోరుకోలేదు. గ్రౌండు అంచున నూకరాజు పాచిముఖంతో నిలబడి చూస్తున్నాడు.

అంతలో ఒకడి వేళ్ళు జారాయి. బంతి గీత దాటి ఆఫీసరుగారి కుర్చీకి ఎడంగా, నేలకు జానెడు ఎత్తుకు దిగిపోయింది. ఆడవాళ్ళు ఒక్కసారి కెవ్వుమన్నారు. ఎక్స్‌రే ముక్క ఒకవైపూ ఫైలు ఒకవైపూ ఎగిరిపడ్డాయి. గురునాథరావుగారు కుర్చీలోంచి బోర్లాపడి, రెండు చేతులూ చాచి, బంతిని నేల తగలకుండా పట్టుకున్నాడు.

అందరికంటే ఎక్కువ నిర్ఘాంతపోయినవాడు ఆయనే. మోచేతులనిండా మట్టి, చొక్కా ముందంతా పసుపు. చాలాసేపు ఆ బంతిని అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పోలమ్మ వచ్చి తీసుకునేదాకా వదల్లేదు.

తరువాత ఫైలు దులుపుకుని ఏదో రాసి సంతకం పెట్టాడు. చిట్టిబాబు వంగి చదివాడు. 'ఈ స్థలం ప్రార్థనా స్థలముగా వాడుకలో యున్నది. ఇచట ఏ నిర్మాణమూ తగదు.'

"సార్!" చిట్టిబాబు అదిరిపడ్డాడు. "ఇది ఆటస్థలమండి. పూజ ఆట అయిందని నేను రాస్తే, మీరు ఆటను మళ్ళీ పూజ..."

"ఆటస్థలమైతే నేను బదిలీ అయ్యాక వచ్చేవాడు స్టాండు వేస్తాడయ్యా. ఇలా రాస్తే ఎవడూ ముట్టుకోడు," అని ఆఫీసరుగారు చొక్కామీది పసుపు తుడుచుకోకుండానే స్కూటరెక్కాడు.

నూకరాజు ఎప్పటిలాగే గ్రౌండు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. ఈసారి మాత్రం చెప్పులు చేత్తో పట్టుకున్నాడు.

సైకిల్ స్టాండు రాలేదు, గ్రౌండు నిలిచింది. మీరెప్పుడైనా భిలాయి వెళ్ళి, క్వార్టర్ల మధ్య పసుపు రాసిన బంతి ఒకటి గాల్లోకి లేవడం చూస్తే, పోలమ్మను ఒక్కసారి తలుచుకోండి. ఆడాలనిపిస్తే ఆడండి, తల స్నానం చేసి వెళ్ళండి.