ప్యాసివ్ వాయిస్‌లో హెడ్మాస్టరు

పదో తరగతి పరీక్షలు పన్నెండు రోజులున్నాయనగా, ఒక గురువారం పొద్దున, సుజానా టీచరు ప్యాసివ్ వాయిస్‌ని ఆ పూటతో ముగించేయాలని నిశ్చయించుకుంది. 1998 మార్చి అది. అనంతగిరికి అవతల కొండ మీద ఉన్న పనసగరువు హైస్కూల్లో ఆ ఏడాది పదో తరగతి పిల్లలు పదకొండు మంది. కిందటేడు తొమ్మిది మంది రాస్తే ఇంగ్లీషు గట్టెక్కినవాళ్ళు ఇద్దరు. ఈసారి కూడా అలాగే అయితే పదో తరగతిని అక్కణ్ణించి ఎత్తేసి కింద ఊళ్ళో బడిలో కలిపేస్తారని మాట వినిపిస్తోంది. కొండ దిగి హాస్టల్లో ఉండి చదువుకోమంటే ఇళ్ళవాళ్ళు పంపే ఆడపిల్లలు ఎంతమంది ఉంటారో టీచరుకి తెలుసు. కిందటేడు లెక్కవేసుకుంది. ఒక్కరూ లేరు.

హెడ్మాస్టరు ఎలీయేజరు గారు ఆ రోజు హాల్ టికెట్లు తేవడానికి మొదటి బస్సుకి విశాఖపట్నం బయల్దేరారు. తెల్లవారుతుండగానే టీచరు గుమ్మం ముందు ఆగి, "గైడు దాటకండమ్మా. ఈ పది రోజుల్లో కొత్తవేవీ పెట్టకండి" అని చెప్పి మరీ వెళ్ళారు.

గైడులో ఉన్న పాఠంలో ఒక దొరగారు తప్పు రైలెక్కి గొడుగు పోగొట్టుకుంటాడు. పిల్లలు దాన్ని రెండు వారాలుగా చదువుతున్నారు. దొరగారు ఎందుకు దిగులుపడ్డాడన్న ప్రశ్నకి, "పాఠం పెద్దది కాబట్టి" అని ఒకడు రాశాడు. గొడుగు పోయిందని దిగులెందుకు, రైలెక్కాడు కదా అని ఇంకో అమ్మాయి అడిగింది. వెనక బెంచీలో కూర్చునే రత్నాలు అయితే ఏమీ రాయలేదు, ఏమీ అడగలేదు. ఆ అమ్మాయి దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. నోరు మాత్రం మూడేళ్ళుగా ఇంగ్లీషు పీరియడులో తెరవలేదు.

టీచరు గైడు మూసేసింది. ఎలుగులకి ఇష్టమైన ఇప్ప పూలు రాలే రోజులవి. వారం నుంచి కాఫీ తోటలో ఎలుగుబంటి తిరుగుతోందని పిల్లలు అదే పనిగా చెప్పుకుంటున్నారు. వరండా గోడకున్న నల్లబల్ల దగ్గరికి వెళ్ళి, 'ఎ బేర్ కిల్డ్' అని రాసి ఆగింది.

"ఎవరిని చంపిందో మీరు చెప్పండి" అంది. మేకనో దూడనో అంటారనుకుంది.

"హెడ్మాస్టరు గార్నండి" అన్నారు పదిమంది ఒక్క గొంతుతో. రత్నాలు తలూపింది.

ఆ తరగతి ఒక విషయం మీద ఏకాభిప్రాయానికి రావడం టీచరు ఎన్నడూ చూడలేదు. ఒక్క నిమిషం తటపటాయించింది. కిందటేటి ఫలితాలు గుర్తుకొచ్చాయి. హెడ్మాస్టరుని చంపేసింది. కాలాన్ని తెలిపే మాట వాక్యం చివర రావాలని నేర్పడానికి, 'దిస్ మార్నింగ్' అని కూడా చేర్చింది.

తరవాత ఆ వాక్యాన్ని తిప్పి రాయమని రత్నాలు చేతికి సుద్దముక్క ఇచ్చింది. రత్నాలు పెద్ద పెద్ద అక్షరాలతో, రోడ్డు మీదికి కనిపించేట్టు రాసింది: 'అవర్ హెడ్‌మాస్టర్ వాజ్ కిల్డ్ బై ఎ బేర్ దిస్ మార్నింగ్.' తప్పు లేదు. టీచరు సంతోషించి పై వాక్యం తుడిచేసింది, కిందిది ఉంచింది. ఒంటిపూట బడి కావడంతో మిగతా తరగతుల వాళ్ళు ఇళ్ళకి వెళ్ళిపోయారు. మధ్యాహ్నానికి రేకుల కప్పు పెనంలా కాగుతుంది. అందుకని టీచరు తన పదకొండు మందినీ, అన్నం క్యారేజీలనీ వెంటపెట్టుకుని, బడి పైనున్న గట్టు మీది సిల్వర్ ఓక్ చెట్ల నీడకి పాఠం చదివించడానికి వెళ్ళింది.

బడి ఎదురుగా టీ కొట్టూ, ఎస్‌టీడీ బూతూ నడిపే వరహాలరావు పన్నెండున్నరకి ఖాళీ గ్లాసుల కోసం వచ్చాడు. ఎవరూ లేరు. నల్లబల్ల కనిపించింది. వరహాలరావు పదో తరగతి మూడుసార్లు రాసి, మూడుసార్లూ ఇంగ్లీషులోనే పోయినవాడు. అంచేత మిగతావాళ్ళకంటే తనకి మూడింతల ఇంగ్లీషు వచ్చని అతని నమ్మకం. వాక్యంలో హెడ్మాస్టరు ముందున్నాడు. చంపడం మధ్యలో ఉంది. ఎలుగు తరవాత ఉంది. 'వాజ్', 'బై' లాంటి చిల్లర మాటలని అతను ఏనాడూ పట్టించుకోలేదు.

కొట్టుకి తిరిగొచ్చి గ్లాసులు కడుగుతూ, "మన మేష్టారు అనుకున్నంత మెత్తనోడు కాదండోయ్. పొద్దున్న ఎలుగుని సంపీసినారు" అన్నాడు.

బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న ఫారెస్టు గార్డు సోమన్న గ్లాసు దించాడు. "ఏటి సంపీసినారు?"

"ఎలుగునండి. బడి గోడ మీద రాసీసినారు కూడాను, ఇంగ్లీసులో."

"ఎలుగుని సంపితే కేసవుద్దని తెల్దా ఆయనకి? పైగా రాసి పెట్టుకున్నారా?" సోమన్న లేచి, ఆ బూతులోంచే రేంజరు సర్వేశ్వరరావుకి ఫోను చేశాడు. లైను సరిగ్గా లేదు. "అవునండి, హెడ్మాస్టరే సార్. రాతమూలకంగా ఒప్పీసుకున్నారండి. బేగి రండి" అని రెండుసార్లు గట్టిగా చెప్పి పెట్టేశాడు.

ఆ మాటలు పక్కనే సైకిలు దిగుతున్న జాకబ్ పాస్టరు గారి చెవిన పడ్డాయి. ఎలీయేజరు గారు ఇంట్లో బొద్దింక కనిపించినా భార్యని పిలిచే మనిషి. పాస్టరు గారు నమ్మలేక స్వయంగా వెళ్ళి నల్లబల్ల చూశారు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా ఇంగ్లీషు బైబిలు చదువుతున్నవారు. 'వాజ్' నీ 'బై' నీ చదివారు.  అక్కణ్ణించి సైకిలు తొక్కలేక, నడిపించుకుంటూ హెడ్మాస్టరు గారింటికి వెళ్ళారు.

హెడ్మాస్టరు భార్య క్రిస్టినమ్మ పెరట్లో మిరపకాయలు ఎండబెడుతోంది.

"అమ్మా, మేష్టారు పొద్దున్న ఏ దారిన వెళ్ళారు?"

"కాఫీ తోటలోంచేనండి. రోడ్డుకి అడ్డదారి కదా. ఏమండీ?"

"ముందు కూర్చోమ్మా."

"మీరు కూర్చోమంటున్నారంటే ఏదో అయిందన్నమాటే" అని ఆమె నిలబడే ఏడుపు మొదలుపెట్టింది. పాస్టరు గారు సంగతి చెప్పేటప్పటికి వీధి వీధంతా పెరట్లో ఉంది.

పదిహేను మంది కర్రలూ డప్పులూ పట్టుకుని తోటలోకి వెళ్ళారు. ఎలుగు కనిపించలేదు. దారి పక్కన తెగిన చెప్పు ఒకటి దొరికింది. దాన్ని చూసి, వెనకే వచ్చిన క్రిస్టినమ్మ సొమ్మసిల్లింది. తోట కాపలాదారు బుధు ఆ చెప్పు తనదేననీ, మొన్న తెగిపోతే తానే పారేశాననీ చెప్పబోయాడు. "నువ్వుండరా. ఇక్కడ మడిసి పోతే నీ చెప్పుల గొడవేటి" అని పక్కవాళ్ళు అతన్ని వెనక్కి నెట్టారు. చెప్పుని తువ్వాల్లో చుట్టి భక్తిగా బడికి తెచ్చారు.

మూడింటికి బడి ఆవరణలోకి రేంజరు జీపు వచ్చింది. సర్వేశ్వరరావు జీపు దిగి ఏడుస్తున్న జనాన్ని చూసి కాస్త చిరాకుపడ్డాడు. తనని చూసి జనం భయపడటం అతనికి అలవాటే కాని, ఇంత ముందుగా ఏడవటం చూడలేదు.

"చంపిన మనిషి ఎక్కడ?" అన్నాడు.

"అడివిలోకి పారిపోయింటదండి" అన్నారెవరో, ఎలుగుని తలుచుకుని.

"చర్మం ఏం చేశారు?"

క్రిస్టినమ్మ ఆ ప్రశ్న విని రెండోసారి సొమ్మసిల్లింది. పాస్టరు గారికి కోపం వచ్చింది. "అయ్యా, మీరు అధికారులు కావచ్చు. పోయిన మనిషి గురించి అలా మాట్లాడకూడదు" అన్నారు.

"పోయింది మనిషి కాదండీ, ఎలుగు."

"ఎలుగు కాదండీ, మనిషి."

ఇద్దరూ నల్లబల్ల దగ్గరికి నడిచారు. జనం వెనకే నడిచింది. వరహాలరావు వేలు పెట్టి చూపించాడు. "సూడండి సార్, ముందున్నాయన మేష్టారు. ముందున్నోడే కదా సేసినోడు." పాస్టరు గారు 'బై' కింద వేలు పెట్టారు. సర్వేశ్వరరావు డిగ్రీ చదివినవాడే. కాని అది పదిహేనేళ్ళ కిందటి మాట. ఇంతమంది ముందు పొరపాటున ఒక పక్కకి మొగ్గడం అతనికి ఇష్టం లేకపోయింది. కళ్ళద్దాలు తుడుచుకుని, "గవర్నమెంటు ఇంగ్లీషులో దీనికి రెండర్థాలూ వస్తాయి" అన్నాడు.

అప్పుడే సుజానా టీచరు పిల్లలతో గట్టు దిగి వచ్చింది. జనాన్నీ, జీపునీ, నేల మీద పడి ఉన్న క్రిస్టినమ్మనీ చూసి పరుగున దగ్గరికెళ్ళింది.

"ఏమైంది?"

"మేష్టార్ని ఎలుగు సంపీసిందమ్మా పొద్దున్న. చెప్పొకటే దొరికింది" అంది ఒక ముసలామె.

టీచరుకి పొద్దుటి పాఠం గుర్తొచ్చింది. పొద్దున తాను ఆ మనిషిని సుద్దముక్కతో చంపింది. వద్దంటే వినకుండా గైడు దాటింది. దేవుడు ఆ వాక్యాన్ని చదివి అలాగే జరిపించాడు. ఆమె మెట్ల మీద కూలబడి, "నావల్లే అయింది. నేనే చంపాను" అని వెక్కివెక్కి ఏడ్చింది. పిల్లలు పదిమందీ, పొద్దున తామన్న మాట గుర్తుకొచ్చి, ఇంకా గట్టిగా ఏడ్చారు. సర్వేశ్వరరావు సోమన్న వైపు తిరిగి, ఇప్పుడు ఎవరిమీద కేసు రాయాలో అర్థం కాక, తీసిన కాగితం మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

రత్నాలు ఒక్కతే ఏడవలేదు. అందరూ నల్లబల్లకేసి వేలు పెట్టి వాదించుకోవడం చూస్తూ నిలబడింది. కాసేపటికి టీచరు చెంగు పట్టుకు లాగింది.

"టీచర్, ఆళ్ళు సూపించేది మన బిట్టండి. పొద్దున్న నాను రాసింది."

"ఏమంటావు?" అన్నాడు రేంజరు.

రత్నాలు చుట్టూ చూసింది. వెనక్కి తగ్గడానికి చోటు లేదు, వెనకంతా జనం. "వాజ్ ఉందండి, బై ఉందండి. బై పక్కనున్నోరే సేసినోరు. సంపింది ఎలుగండి, సచ్చింది మేష్టారండి. ఆయన సంపలేదండి" అంది.

పాస్టరు గారు కళ్ళు మూసుకుని తలూపారు. క్రిస్టినమ్మ మూడోసారికి సిద్ధమైంది.

"కానండి, అది నిజం కాదండి. ప్యాసివ్ వాయిసండి."

"ప్యాసివ్ వాయిస్ అయితే నిజం కాదా?" అన్నాడు సర్వేశ్వరరావు.

"మార్కులకండి" అంది రత్నాలు.

 టీచరు ఏడుపు ఆపి తలెత్తింది. అంతలో రోడ్డు మీద నాలుగు గంటల బస్సు ఆగిన చప్పుడు వినిపించింది. చంకలో హాల్ టికెట్ల కట్టతో ఎలీయేజరు గారు దిగారు. బడి నిండా జనం, లోపల పాస్టరు గారు, తువ్వాల్లో చుట్టినదేదో. ఆయన గేటు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, ఎదురొచ్చిన వరహాలరావుని అడిగారు. "ఎవరయ్యా పోయింది?"

వరహాలరావు ఆయన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "మీరేనండి" అన్నాడు.

క్రిస్టినమ్మ పరిగెత్తుకొచ్చి ఆయన చేయి పట్టుకుని, రెండు కాళ్ళకీ చెప్పులున్నాయా అని చూసుకుంది. పాస్టరు గారు స్తోత్రం చెప్పారు. రేంజరు, ఎందుకైనా మంచిదని, పొద్దుట్నుంచీ ఎక్కడున్నారో చెప్పి, బస్సు టికెట్టు చూపించమని అడిగాడు. చూపించాక జీపెక్కి వెళ్ళిపోయాడు. బుధు తన చెప్పు తాను తీసుకున్నాడు.

ఎలీయేజరు గారు వరండా ఎక్కి నల్లబల్ల ముందు నిలబడ్డారు. ఆ వాక్యాన్ని మొదటినుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. సుజానా టీచరు, "తప్పు నాదేనండి. మీరు గైడు దాటొద్దన్నారు" అంది.  ఆయన పిల్లల వైపు తిరిగి, "ఎవరు ఎవర్ని చంపారు?" అని అడిగారు. పదకొండు మందీ సరిగ్గా చెప్పారు. చచ్చింది ఆయనే కాబట్టి కాస్త మెల్లగా చెప్పారు.

ఆయన సుద్దముక్క తీసుకుని వాక్యం కింద ఒక ప్రశ్న రాశారు. హెడ్మాస్టరుని ఎలుగు ఎందుకు చంపిందని, ఇంగ్లీషులో. దానికి గైడులో జవాబు లేదు. ఏ పుస్తకంలోనూ లేదు. 

"బికాజ్ హి డిడ్ నాట్ టేక్ ద రోడ్, సార్" అంది రత్నాలు.

మూడేళ్ళలో ఆమె నోటివెంట వచ్చిన మొదటి ఇంగ్లీషు వాక్యం అది, అదీ సొంత వాక్యం. సుజానా టీచరుకి మళ్ళీ ఏడుపొచ్చింది. ఎలీయేజరు గారు ఆ జవాబుని ప్రశ్న కింద రాశారు. క్రిస్టినమ్మ మాత్రం, "ఆ మాటే నేను పదేళ్ళుగా తెలుగులో చెప్తున్నాను" అంది.

"టీచరు గారూ" అన్నారు ఆఖరికి హెడ్మాస్టరు, "రేపు ప్రిపోజిషన్లు కదా. ఎవర్ని చంపుతున్నారు?"

టీచరుకి అది కోపమో అనుమతో తెలియలేదు. అనుమతే అనుకుంది. మర్నాడు వరహాలరావు నూతిలో పడ్డాడు, నూతి పక్కనుంచి నడిచాడు, నూతి మీంచి దూకాడు. ఆ తరవాతి రోజు రేంజరు గారు పోలిక తెలిపే విశేషణాల్లో ఎలుగుకంటే లావయ్యారు. సాయంత్రమయ్యేసరికి ఊళ్ళోవాళ్ళు ఆ రోజు తమకేమయిందో తెలుసుకోవడానికి నల్లబల్ల దగ్గర చేరేవారు. పిల్లలు ఒక్కొక్క వాక్యం చదివి అర్థం చెప్పాల్సి వచ్చేది. తప్పు చెబితే పోట్లాటలే అవుతాయని జాగ్రత్తగా చెప్పేవారు. బుధు రెండు రోజులు చూసి, తనని కూడా ఒక వాక్యంలో పెట్టమని టీచరుని అడిగాడు.

మేలో ఫలితాలొచ్చాయి. పదకొండు మందిలో తొమ్మిది మంది ఇంగ్లీషు గట్టెక్కారు. రత్నాలుకి యాభై నాలుగు మార్కులొచ్చాయి. పదో తరగతి పనసగరువులోనే ఉండిపోయింది. ఆ ఏడాది పేపర్లో ప్యాసివ్ వాయిస్ మాత్రం ఒక్క బిట్టు కూడా రాలేదు.