రెండు గదులూ ఒక్కలాగే

ఆ సోమవారం ఉదయం కంగారమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. పాపను కింది అంతస్తులో ఉద్యోగుల పిల్లల గదిలో దించాలి, పైకి వెళ్లాలి, శుక్రవారం దాకా ఎవరి చేతా మాట పడకుండా పని చేయాలి. మనస్తత్వశాస్త్ర విభాగంలో ఆమెకిచ్చిన మూడు నెలల గడువు ఆ శుక్రవారంతో తీరుతుంది. ఉద్యోగం నిలిస్తే పాపకు ఆ గదిలో చోటు నిలుస్తుంది. పోతే రెండూ పోతాయి. పదో తరగతి మధ్యలో ఆగిన చదువుకు ఇంకో ఉద్యోగం ఎవరిస్తారన్నదే ఆమె దిగులు. వేసిన తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకునే మనిషి కాబట్టి విభాగం గుమాస్తా ఆమెకు కంగారమ్మ అని పేరు పెట్టాడు. అసలు పేరు హాజరుపట్టీలో మాత్రమే మిగిలింది.

పని అప్పగించింది ప్రొఫెసరమ్మ. గడియారం టిక్కుటిక్కుమంటుంటే మనిషి చిక్కుప్రశ్నను తొందరగా వదిలేస్తాడా అన్నది తేల్చాలి. పక్కపక్కనే రెండు గదులు. రెండింట్లోనూ ఒకే రకం కుర్చీ, బీరువా, కిటికీ తెర, తివాచీ, గడియారం. మొదటి గది గడియారం చప్పుడు చేస్తుంది, రెండో గదిది చేయదు. వచ్చే నలభై మందిలో ఎవరు ఏ గదికో డబ్బాలోంచి తీసిన చీటీయే చెప్పాలి. ఎవరికి నచ్చిన గది వాళ్లు తీసుకుంటే ఓపిక లేనివాళ్లంతా ఒకే వైపు చేరిపోవచ్చు. ప్రొఫెసరమ్మ మాత్రం ఐదు రోజులూ అటు తొంగి చూడదు. ఎవరెక్కడ కూర్చున్నారో తెలిస్తే తన మొహమే వాళ్లకు ఏదో చెప్పేస్తుందని ఆమె భయం.

గదులు రెండూ అంత ఒక్కలాగ ఎందుకుండాలని కంగారమ్మ మెల్లగా అడిగింది.

"మీ పాపకు జ్వరం వచ్చిందనుకో. ఒకే రోజు మందు మార్చావు, పాలు మార్చావు, పక్క మార్చావు. జ్వరం తగ్గింది. దేనివల్ల తగ్గిందో చెప్పగలవా?"

వాళ్లింట్లో సరిగ్గా అలాగే జరిగింది. ఆ గొప్పంతా అత్తగారి చేతి చలవకే పోయింది.

"చెప్పలేనండి."

"అందుకే గడియారం చప్పుడు తప్ప ఇంకే తేడా ఉండకూడదు. ఏదీ."

ఆ చివరి మాట కంగారమ్మ బుర్రలో మేకులా దిగింది.

గంట గడిచిందో లేదో, మొదటి గదిలో ఒక లావుపాటి ఆయన తివాచీ మీద కాఫీ ఒలకబోశాడు. ఆయన వెళ్లాక ఎంత రుద్దినా మరక పోలేదు. వసారాలో ఇద్దరు కూర్చుని ఉన్నారు. కంగారమ్మ వాళ్లను ఆగమని బతిమాలుకుని, మరకను జానతో కొలిచి, కాఫీ తెచ్చి రెండో గది తివాచీ మీద అంతే మేర, అదే మూల పోసింది. అప్పుడు గానీ వాళ్లను లోపలికి పంపలేదు.

మంగళవారం రెండో గది కుర్చీ కాలు వదులైంది. వడ్రంగి వచ్చేది వచ్చే వారం. ఆమె చెంచా మొనతో మొదటి గది కుర్చీకీ మర వదులు చేసి, రెండూ ఒకే వైపు ఒరిగేదాకా కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని చూసింది. బుధవారం మొదటి గది తెర కొక్కేనికి పట్టుకుని బారెడు చిరిగింది. రెండో తెరను చింపేటప్పుడు ఆమెకు ఏడుపొచ్చింది, కానీ చెయ్యి ఆగలేదు.

గురువారం రెండో గది గోడ మీద బల్లి కనిపించింది. తరిమితే బీరువా వెనక దూరి, ఇక రానంది. కంగారమ్మ గుమాస్తా దగ్గరికి పరుగెత్తి, ఎక్కడైనా ఒక బల్లి దొరుకుతుందా అని అడిగింది.

"ఎందుకు చెల్లెమ్మా, ఉన్నది చాలదా?"

"అది రెండో గదిదండి. మొదటి గదికి లేదు."

గుమాస్తా బల్లుల కోసం దరఖాస్తు ఫారం ఇంకా అచ్చు కాలేదన్నాడు. చివరికి మెట్ల కింద ఒకటి దొరికింది. బిస్కెట్ల డబ్బాలో పట్టి తెచ్చి మొదటి గది బీరువా వెనక వదిలింది.

శుక్రవారం నలభయ్యో మనిషి వెళ్లిపోయాక, ఆమె సంగతి తేల్చడానికి విభాగం పెద్దసారు వచ్చారు. వెనకే ప్రొఫెసరమ్మ, గుమాస్తా. పెద్దసారు మొదటి గది కుర్చీలో కూర్చోబోయి, పడబోయి, చిరిగిన తెర పట్టుకుని నిలదొక్కుకున్నారు. తెర మిగతా సగం కూడా ఊడి వచ్చింది.

"ఎవరి పని ఇది?"

"ఇక్కడి కాఫీ మాత్రం సోమవారం వచ్చినాయనదండి. కుర్చీ నేనే," అంది కంగారమ్మ. "పక్క గదిలో కాఫీ, తెర కూడా నేనే. అక్కడ బల్లి ఉందని ఇక్కడికీ ఒకటి తెచ్చానండి."

ఒక గది పాడుచేస్తే పొరపాటనుకోవచ్చు, రెండో గదిని పనిగట్టుకుని పాడుచేసిన మనిషిని పొద్దుగూకేలోగా పంపించేయాలి అన్నారు పెద్దసారు. గుమాస్తా కాగితం తీశాడు. కంగారమ్మ కింది అంతస్తులో ఆడుకుంటున్న పాపను తలచుకుంది.

ప్రొఫెసరమ్మ రెండో గదికి వెళ్లింది, మొదటి గదికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. మోకాళ్ల మీద కూర్చుని మరకలు కొలిచింది. రెండు కుర్చీలూ ఊపింది. ఎవరు ఎంతసేపటికి ప్రశ్న వదిలేశారో కంగారమ్మ రాసిపెట్టిన పట్టీ చూసింది. ఇవన్నీ చేస్తున్నప్పుడు మనుషులను గదుల్లోకి పంపావా అని అడిగింది. రెండూ ఒక్కలాగయ్యేదాకా ఒక్కరినీ పంపలేదని కంగారమ్మ చెప్పింది.

"సార్, ఒక గది పాడైనప్పుడు ఈ అమ్మాయి రెండోదాన్ని అలాగే వదిలేసి ఉంటే నలభై మంది పని చెత్తబుట్టలో పడేది. చప్పుడున్న గదిలోవాళ్లు ముందుగా వదిలేశారు. గడియారం వల్లనా, కుర్చీ వల్లనా అంటే నేను నోరు మూసుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు గడియారం వల్లే అని ధైర్యంగా చెప్పగలను. పదేళ్లుగా పాఠం చెబుతున్నాను. ఇంత శ్రద్ధగా చేసినవాళ్లను చూడలేదు."

"అయితే బల్లులు కూడా శాస్త్రమేనా?"

"రెండున్నాయి కాబట్టి శాస్త్రమే సార్. ఒకటే ఉంటే పురుగు."

పెద్దసారు చేతిలోని తెర ముక్క పక్కన పెట్టి, గుమాస్తా చేతిలోని కాగితం తిప్పించి, ఉద్యోగం ఖాయమని రాయించి సంతకం పెట్టారు. కంగారమ్మ ఆ సంతకాన్ని మూడుసార్లు చూసుకుంది.

తర్వాత ఆ అధ్యయనం అచ్చుకు వెళ్లినప్పుడు, గదులు రెండూ అన్ని విధాలా ఒక్కలాగే ఉన్నాయన్న వాక్యాన్ని ఎలా నమ్మమంటారని పత్రికవాళ్లు అడిగారు. ప్రొఫెసరమ్మ రెండు గదుల ఫోటోలు పంపింది: అదే మరక, అదే ఒరిగిన కుర్చీ. మళ్లీ ఉత్తరం రాలేదు.