ఇద్దరు గుంజితే బల్ల ఎటు పోవాలె

ఆ పొద్దున భూమయ్య సార్ ఇస్త్రీ కోటు తొడుక్కుని నాంపల్లి బడికి బయల్దేరాడు. ఇన్‌స్పెక్టర్ వామన్‌రావు వస్తున్నాడు. బడిలో హెడ్మాస్టర్ తర్వాతి కుర్చీ, ఫస్ట్ అసిస్టెంట్ పదవి, ఎవరిదో ఆయనే తేలుస్తాడు. నిజాం కాలం నుంచీ ఉర్దూలో లెక్కలు చెప్పి, ఇప్పుడు తెలుగులో చెప్తున్న సర్వీసు భూమయ్యది. కానీ నిరుడు మెదక్ నుంచి వచ్చిన దేవప్రసాద్ వెక్టర్ల పాఠం చెప్తుంటే పక్క క్లాసు పిల్లలు కూడా కిటికీలకు వేలాడుతున్నారు. అది చూసి భూమయ్యకు కడుపు మండిపోతోంది, దాచడం దేనికి!

అందుకే ఆ పాఠం తనే చెప్తానని పట్టుబట్టాడు. ఆవరణలో బల్ల వేయించి, రెండు తాళ్లు కట్టి, ఒకటి ఉర్దూ మాస్టర్ నవాజిష్ సాబ్‌కు, ఇంకొకటి డ్రిల్ మాస్టర్ సాయన్నకు ఇచ్చాడు.

"వెక్టర్ అంటే బలమెంతో చెప్పాలె, దిక్కేదో గూడ చెప్పాలె. సాబ్ ఆబిడ్స్ దిక్కు, సాయన్న గోషామహల్ దిక్కు గుంజుతరు. బల్ల నడుమకెళ్లి పోతది. అదే రిజల్టెంట్. ఇగ గుంజున్రి."

నవాజిష్ సాబ్ వంగి, "పహలే ఆప్, సాయన్న సాబ్," అన్నాడు.

సాయన్నదీ సాబ్ ఉండే గల్లీయే, ‘ముందు మీరే’ అనే ఆ మర్యాదే. పెద్దమనిషి కంటే ముందు గుంజితే మర్యాదేం మిగులుతుంది? "నై సాబ్, పహలే ఆప్." సలాములు నడిచాయి. బల్ల మాత్రం కదల్లేదు.

వామన్‌రావు దగ్గరికొచ్చి, "ఇదేం వెక్టరయ్యా?" అన్నాడు.

"జీరో వెక్టర్ సార్," అన్నాడు భూమయ్య. వెనకాల దేవప్రసాద్ నవ్వు ఆపుకోవడం చూసి ఒళ్లు మండింది. "ఇద్దరూ ఒక్కపారే గుంజున్రి," అని అరిచాడు.

ఒక్కసారే అయితే ఎవరి మర్యాదకూ లోటు లేదు. ఇద్దరూ బలమంతా పెట్టి గుంజారు. బల్ల సరిగ్గా నడిమి దారినే దూసుకొచ్చి, వామన్‌రావు మోకాళ్లకు తగిలి, ఆయన్ను ఎక్కించుకుని బావి గట్టు దాకా పోయింది.

భూమయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. "నాదేం లేదు సార్. గీ పాఠం దేవప్రసాద్ సార్‌ది. ఆయన చెప్పినట్టే చేసిన," అన్నాడు. ఉచ్చు తన మెడ తప్పి అతని మెడకు పడిందని లోలోపల సంబరపడ్డాడు కూడా.

వామన్‌రావు బల్ల మీదే కూర్చుని టోపీ సర్దుకున్నాడు. "రిజల్టెంట్ ఏందో కాలేజీల అర్థం గాలే, ఇయ్యాల ఒంటికి తెలిసింది. నీ అసొంటి సీనియర్‌కు గూడ నేర్పిండంటే మామూలోడు గాదు. ఫస్ట్ అసిస్టెంట్ దేవప్రసాదే."



సాయంత్రం ఆబిడ్స్ హోటల్లో దేవప్రసాద్ అందరికీ చాయ్ తాగించి, భూమయ్య చేతులు పట్టుకున్నాడు. "పాఠం నాదని అందరి ముంగట చెప్పిన్రు. మీ అంత పెద్దమనసు నేనెక్కడ చూడలే సార్," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. కాదందామంటే సాక్షులు మరీ ఎక్కువైపోయారు.