నడిచొచ్చిన మెషీన్ కూడా నార్మలే!

మన భాషకు ఇంగ్లీషు వాళ్లు చేసిన అతి పెద్ద మేలు రైలూ కాదు, ఫ్యానూ కాదు. 'నార్మల్' అనే మాట!

నవ్వకండి. ఈ ఒక్క మాటతో ఎన్ని మాటల అవసరం తీరిపోయిందో చూడండి. హోటల్లో మంచినీళ్లడిగితే వెయిటర్ "కూలా, నార్మలా?" అంటాడు. అక్కడ దానర్థం గోరువెచ్చనివని. బ్యాంకులో కంప్యూటర్లు పడకేస్తే క్లర్కు నార్మలే అంటాడు, అంటే రేపు రమ్మని. పక్కింటాయన కారు రివర్సులో వచ్చి మీ గోడను ముద్దాడిందనుకోండి. దిగి, గోడను తడిమి, ఇలాంటివి నార్మలే కదండీ అంటాడు. ఇక పైసా రాలదని మీరు గ్రహించాలి. నీళ్లకీ గోడకీ సరిపోయే మాట మరే భాషలోనైనా ఉందా? ఉంటే చూపించండి, నేను రాయడం మానేస్తాను!

ఇంకా నమ్మకం కుదరకపోతే మా అక్క సంగతి వినండి.

అక్క ఇంట్లోనే స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ఆమధ్య కుడిచెయ్యి తిమ్మిరెక్కడం మొదలైంది. గుండీ పట్టుకుంటే వేళ్లలోంచి జారిపోతోంది. చెయ్యి పోతే కుట్టుపని పోతుందన్న భయంతో డాక్టరు దగ్గరికి పరిగెత్తింది. ఆయన చెయ్యి ముట్టుకోకుండానే, ఈ వయసులో నార్మలేనమ్మా అన్నాడు. 'తర్వాతి పేషెంటు రావచ్చు' అనడం కన్నా ఎంత మర్యాదగా ఉందో గమనించారా?

సరే, బట్టలుతికే శ్రమైనా తప్పిస్తే చెయ్యి తేరుకుంటుందని బావగారు వాషింగ్ మెషీన్ కొన్నారు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషి ఆయన. ఇంటర్నెట్టంతా జల్లెడ పట్టి ఎంచారు కాబట్టి అది ప్రపంచంలోకెల్లా గొప్ప మెషీన్. బిగించడానికి మనిషిని పంపుతామని కంపెనీ వాళ్లంటే, పైపు తగిలించడం ఆమాత్రం నాకు రాదా అని వద్దన్నారు.

మొదటిరోజు నీళ్లు పిండే వేళకి మెషీన్ వణికింది. తర్వాత ఊగింది. ఆపైన బాల్కనీలోంచి వంటింటి వైపు బయల్దేరింది! అక్క పరుగున వెళ్లి రెండు చేతులా వాటేసుకుని ఆపింది. అంత వేగంగా తిరిగేది ఆమాత్రం కదలడం నార్మలే అన్నారు బావగారు. ఈసారి అర్థం, కొన్నది నేను, జాగ్రత్త అని.

అక్క ఊరుకోకుండా కంపెనీకి ఫోన్ చేసింది. మెకానిక్ వచ్చి తలుపు తెరిచాడు, మూశాడు. కొత్తది కదా మేడమ్, నార్మలే అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు.

ఇక ఇల్లంతా ఆ మెషీన్‌కి అలవాటు పడింది. అది నీళ్లు పిండడం మొదలుపెట్టగానే ఖాళీగా ఉన్నవాళ్లు దాని మీద ఎక్కి కూర్చోవాలని ఇంట్లో చట్టం. అక్క అత్తగారు మోకాళ్లకు మంచిదని తన వంతు కన్నా ఎక్కువే కూర్చునేవారు. ఒకరోజు బావగారు దాని మీద కూర్చునే ఆఫీసు మీటింగుకి హాజరై, అమ్మకాలు తగ్గాయన్న కబురు గడగడ వణికే గొంతుతో చెప్పారు. ఆయన ఏడుస్తున్నారనుకుని మేనేజరు కళ్లు తుడుచుకుని, రెండు రోజులు సెలవిచ్చాడు! కింది వాటా వాళ్లయితే కప్పు అదరడాన్ని బట్టే పిల్లల్ని బడికి పంపేవారు.

మెషీన్‌తో ఇన్ని లాభాలు! అయితే ఇంట్లో ఖాళీగా ఉండేవాళ్లెవరు? నూటికి తొంభైసార్లు అక్కే కుట్టు వదిలేసి దాన్ని పట్టుకునేది. ఏ చేతికి విశ్రాంతి అని కొన్నారో ఆ చేతితోనే! పాపం ఆ చెయ్యి పెనం మీంచి పొయ్యిలో పడింది. తిమ్మిరి మోచేతికి పాకింది. కత్తెర పక్కకి పోయి ఒక కాలరు పాడైంది. బావగారితో చెబితే, రోజంతా పనిచేసే చెయ్యి కదా, నార్మలే అన్నారు.

ఒక పొద్దున మెషీన్ ఊగుతుంటే అక్క పట్టుకుంది గానీ, వేళ్లకు పట్టు చిక్కలేదు. పిలిస్తే ఎవరూ రాలేదు. మెషీన్ ఆమె చేతుల్లోంచి విడిపించుకుని, పైపు సాగినంత మేరా నడిచి, వంటింటి గుమ్మంలో వెనక్కి తిరిగి నిలబడింది.

ఇన్నాళ్లూ అందరూ దాని ముఖం చూసి తీర్పు చెప్పినవాళ్లే. వీపు ఇప్పుడే కనబడింది. వీపున నాలుగు లావుపాటి బోల్టులు! అక్క కంపెనీకి ఫోన్ చేసి ఇవేమిటని అడిగింది.

"లారీలో కదలకుండా బిగించినవి మేడమ్. వాడకముందే తీసేయాలి" అంది అవతలి అమ్మాయి.

"తీయకుండానే ఇన్నాళ్లూ వాడామమ్మా."

"అయితే ఆ ఊగడం నార్మలే మేడమ్."

అక్క ఎడంచేత్తో స్పానర్ పట్టుకుని నాలుగు బోల్టులూ తీసింది. మెషీన్ పిల్లిలా తిరగసాగింది. బావగారు కంగారుగా పరిగెత్తుకొచ్చి, చప్పుడు రావడం లేదేంటి, ఇది నార్మలేనా అని అడిగారు!

అక్క చెప్పులేసుకుని నేరుగా డాక్టరు దగ్గరికి వెళ్లి, చెయ్యి ఆయన బల్ల మీద పెట్టింది.

"ముందు పట్టుకు చూడండి. ఆ మాట తర్వాత అందురుగాని."

ఆయన మణికట్టు నొక్కితే అక్క ప్రాణం విలవిల్లాడింది. నరం నలిగిపోయిందన్నాడు. కట్టు కట్టి, కుట్టు కొన్ని నెలలు మానాలన్నాడు. ఆ తర్వాతైనా పట్టు పూర్తిగా వస్తుందో లేదో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

"ఇంత ముదిరేదాకా ఏం చేశారమ్మా?"

"మీరు చెప్పింది నమ్మానండి" అంది అక్క.

ఆ పూట ఇంట్లో కుట్టు మిషన్ చప్పుడు లేదు. అయినా పాఠకులారా, నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. నార్మల్‌ని మించిన మాట లేదు. డాక్టరు, మెకానిక్కు, మొగుడు, ఎవరి నోట్లోనైనా ఇట్టే ఇమిడిపోతుంది. నొప్పి ఉన్నవాళ్ల నోట మాత్రం ఇంతవరకు ఒక్కసారీ వినలేదు.